కైలాసగిరి నుంచి గుణుపురం దాకా, సన్న పట్టాల వెంట

శుక్రవారం, కైలాసగిరి

దసరా సెలవులకు మా అన్నయ్య కూతురు చిన్ని హైదరాబాద్ నుంచి విశాఖ వచ్చింది. బీచ్, సబ్‌మెరైన్ మ్యూజియం పోయిన ఏడాదే చూసేసింది కాబట్టి ఈసారి రైళ్లు చూడాలంది. మా బాబాయ్‌కి అంతకంటే కావలసిందేముంది! ఉద్యోగమంతా రైలు పట్టాల మీద తిరిగి రిటైరైన మనిషి. రైలెక్కితే అందరూ కిటికీలోంచి కొండలు చూస్తారు, ఆయన కిందికి వంగి పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు చూస్తాడు.

రోప్‌వేలో కొండెక్కి, శివపార్వతుల విగ్రహాల దగ్గర ఫొటోలు అయ్యాక, కొండ చుట్టూ తిరిగే చిన్న రైలుకి టికెట్లు తీసుకున్నాం. ఒక వైపు కింద నగరం, దూరంగా డాల్ఫిన్ నోస్. మలుపు తిరిగితే రుషికొండ వైపు తీరమంతా. చిన్నికి ఆ సముద్రం కంటే రైలే నచ్చింది. దిగగానే, "చిన్నతాతయ్యా, ఇది పెద్ద రైలంత ఎందుకు లేదు?" అని అడిగింది.

బాబాయ్ మలుపు దగ్గరికి తీసుకెళ్లి, కంచె ఇవతల నుంచే బయటి పట్టాని చూపించాడు. దాని లోపలి అంచు అద్దంలా మెరుస్తోంది. లోపలి పట్టా అంచు మాత్రం అంత నున్నగా లేదు. "చక్రం అంచు రాసుకుని రాసుకుని అలగ తేలింది. మలుపులో బండి బరువంతా బయటికే తోస్తుంది" అన్నాడు. తర్వాత చెప్పిన లెక్క నాకూ కొత్తే. రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, ఒకటి ఎన్ని చుట్లు తిరిగితే రెండోదీ అన్నే తిరగాలి. కానీ మలుపులో బయటి పట్టా పొడవు, లోపలిది పొట్టి. చక్రాలకు ఉన్న కాస్త వాలు ఆ తేడాలో కొంత సర్దుతుంది, మిగతాది రాపిడే. ఇక్కడే గేజ్ సంగతి వస్తుంది. గేజ్ అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. మన పెద్ద లైన్లలో అది 1676 మిల్లీమీటర్లు, డార్జిలింగ్‌లో 610. రైలు పూర్తిగా ఒక చుట్టు తిరిగితే, పెద్ద లైనులో బయటి పట్టా లోపలి దానికంటే పదిన్నర మీటర్లు పొడవు. డార్జిలింగ్ లైనులో నాలుగు మీటర్లు కూడా ఉండదు. చుట్టు పెద్దదైనా చిన్నదైనా ఆ తేడా మారదు. పెద్ద లైను ఆ తేడాని చాలా దూరం మీద పంచుకోవాలి కాబట్టి దానికి విశాలమైన మలుపులు కావాలి. సన్న లైను కొండని పట్టుకుని ఇరుకు మలుపులు తిరిగిపోతుంది.

చిన్ని నోట్‌బుక్ తీసి నిజంగానే లెక్క వేసింది. సరిపోయింది. గేజ్‌ని రెండుతో, మళ్లీ పై (π, దాదాపు 3.14, వృత్తం చుట్టుకొలత వ్యాసానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె)తో గుణించి చూసుకుంది కూడా. ఆరో తరగతి పిల్లకి పై అంటే ఏంటో తెలిసిపోయింది, ఈ రోజుకి అదే పెద్ద లాభం అనిపించింది నాకు.

శనివారం, అరకు

విస్టాడోమ్ (అద్దాల పెట్టె) టికెట్లు ముందే చేయించుకున్నాం. పొద్దున్నే బయల్దేరి కొత్తవలస, శృంగవరపుకోట దాటి బొడ్డవర, శివలింగపురం వచ్చేసరికి కొండలు మొదలు. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టెలో పిల్లలంతా కేకలు పెడతారు, మా చిన్నీ అంతే. ఈ కొత్తవలస-కిరండూల్ లైను మొత్తం మీద 58 సొరంగాలు.

అసలు నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న ప్రశ్న ఇక్కడిదే. డార్జిలింగ్‌కి, ఊటీకి, సిమ్లాకి బుల్లి రైళ్లున్నాయి. మన అరకు కూడా కొండ ప్రాంతమే కదా, దీనికి పెద్ద లైను ఎందుకు వేశారు? ఎదురుగా ఎర్ర దుమ్ము పట్టిన వ్యాగన్లతో గూడ్సు రావడంతో మా బండి పక్క లైన్లో ఆగింది. బాబాయ్ అటు చూపించి, "జవాబు అదిగో వస్తోంది" అన్నాడు.

1960లలో ఈ లైను వేసింది మనం అరకు చూడడానికి కాదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దింపి జపాన్‌కి ఎగుమతి చెయ్యాలి. వేల టన్నుల బండి కొండ దిగి రావాలి. సన్న గేజ్ మీద ఆ బరువు మోసుకొచ్చి మళ్లీ కొత్తవలసలో దింపి పెద్ద వ్యాగన్లకి ఎక్కించడం అయ్యే పని కాదు. అందుకే మలుపులు పెద్దవి చేసుకుని, అడ్డమొచ్చిన కొండనల్లా తొలిచారు. ఎక్కుడు కూడా 60 అడుగులకు ఒక అడుగు మించకుండా చూసుకున్నారు.

డార్జిలింగ్ వాళ్లది పూర్తిగా వేరే దారి. 1879లో పని మొదలుపెట్టి 1881కల్లా ముగించారు. ఆ లైను మీద ఒక్క సొరంగం కూడా లేదు. నేనైతే మొదట నమ్మలేదు. కొండని తొలిచే డబ్బు లేదు, తొందర ఉంది. సిలిగురిలో టన్ను బియ్యం 98 రూపాయలుంటే పైన డార్జిలింగ్‌లో 238 పలికేది. బండి దారి మీద ఎడ్లబళ్లలో వెళ్లే సరుకుకి ఆ తేడా. ఈస్టర్న్ బెంగాల్ రైల్వే ఏజెంట్ ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ ఆ లెక్క చూపించే రైలుకి ఒప్పించాడు. ఉన్న బండి దారినే పట్టుకుని 610 మిల్లీమీటర్ల పట్టాలు వేశారు. ఎక్కుడు మరీ నిటారుగా ఉన్నచోట లైను తన మీదుగానే ఒక చుట్టు తిరిగి పైకి చేరుతుంది. అదీ కుదరకపోతే బండి ముందుకెళ్లి ఆగి, వెనక్కి నడిచి, మళ్లీ ముందుకెళ్లి మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. అలాగే 2258 మీటర్ల ఎత్తున ఘూమ్ దాకా పోయింది. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఊటీది ఇంకో రకం. అక్కడ గేజ్ ఒక మీటరు. 12 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కాలి, మామూలు చక్రం పట్టు జారిపోతుంది. రెండు పట్టాల మధ్యలో పళ్ల పట్టా వేసి, ఇంజన్ కింద ఉన్న పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కేలా చేశారు. ఎక్కేటప్పుడు ఇంజన్ వెనక నుంచి తోస్తుంది. సిమ్లా లైను 762 మిల్లీమీటర్లు, 1903లో మొదలైంది, దారిలో నూటికి పైగా సొరంగాలు. అంటే సన్న గేజ్ అయినంత మాత్రాన సొరంగాలు ఉండవనేమీ లేదు. కొండ ఎలాంటిది, చేతిలో డబ్బెంత, మోసేది ఏంటి అన్నదాన్ని బట్టి ప్రతి లైనూ తన దారి తను చూసుకుంది.

షిమిలిగూడ స్టేషన్‌లో ఎత్తు రాసిన బోర్డు ఉంది: 996.32 మీటర్లు. చాలా ఏళ్లు దేశంలో ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ ఇదే అని చెప్పుకున్నాం. కశ్మీర్ లైను వచ్చాక ఆ పేరు అటు పోయింది.

అరకులో బొంగులో చికెన్ తిని, పద్మాపురం గార్డెన్స్‌కి వెళ్లాం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి పెట్టిన తోట ఇది. లోపల బుల్లి రైలు ఉంది. చిన్ని ఎక్కింది, మేమూ ఎక్కాం. రైలు కంటే తోటే బావుంది.

ఆదివారం, ఇంట్లో, ఆర్కే బీచ్‌లో

మధ్యాహ్నం దాకా ఎవరం కదల్లేదు. బాబాయ్ తన పాత డైరీలు తెచ్చాడు. ఉద్యోగంలో ఉండగా ప్రపంచంలోని చిన్న రైళ్ల గురించి ఎక్కడ చదివినా రాసిపెట్టుకున్నాడు. చిన్ని ఆయన ఒళ్లో తల పెట్టుకుని ఒక్కో పేజీ చదివించుకుంది.

దానికి అన్నిటికంటే నచ్చింది బుడాపెస్ట్. హంగరీ రాజధాని పక్క కొండల్లో 760 మిల్లీమీటర్ల లైను ఉంది, పొడవు 11 కిలోమీటర్ల పైచిలుకు. 1948లో మొదలైంది. టికెట్లు ఇచ్చేది, చెక్ చేసేది, సిగ్నల్ చూసేది, బండి కదిలేటప్పుడు సెల్యూట్ కొట్టేది అందరూ పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలే. ఇంజన్ నడపడం మాత్రం పెద్దవాళ్ల పని. పిల్లల రైళ్లు సోవియట్ దేశంలో మొదలైన ఆలోచన, 1935లో టిబిలిసిలో నడిచాయి. "నాకు పదకొండు కదా అత్తా, నన్ను తీసుకుంటారా?" అంది చిన్ని. బడిలో మంచి మార్కులు రావాలని బాబాయ్ అప్పటికప్పుడు ఒక షరతు కలిపేశాడు.

నాకు నచ్చింది వేల్స్‌లోని ఫెస్టినియోగ్. 1836లో, పలక రాయి గనుల కోసం వేశారు. పట్టాల మధ్య 597 మిల్లీమీటర్లు. గని నుంచి రేవు దాకా దారంతా ఒకే తీరున దిగుడుండేలా కట్టారు. దాంతో రాళ్ల బండ్లు తమ బరువుకే కిందికి జారిపోయేవి, మనుషులు బ్రేకులు పట్టుకుంటే చాలు. ఖాళీ బండ్లని మళ్లీ పైకి లాగేవి గుర్రాలు. మరి ఆ గుర్రాలు కిందికి ఎలా వచ్చేవి? రైల్లోనే. వాటికోసం ప్రత్యేకంగా ఒక పెట్టె తగిలించేవారు, మేత మేస్తూ దిగేవి. అంత సన్న లైను మీద ఆవిరి ఇంజన్ నడవదని చాలామంది అనుకున్నారు. 1863లో నడిపి చూపించారు. అప్పట్నుంచే ప్రపంచమంతా సన్న గేజ్ వైపు చూడడం మొదలుపెట్టింది.

మన దేశంలో ఇంకా ముందే, 1862లో, బరోడా సంస్థానంలో దభోయి-మియాగాం మధ్య మొదటి సన్న గేజ్ లైను పడింది. లాగింది ఎడ్లు. ఇంజన్లు వచ్చేసరికి 1873.

చిన్నదనాన్ని చివరిదాకా తీసుకెళ్లినవాళ్లు ఇంగ్లండ్ వాళ్లు. ఆర్థర్ హేవుడ్ అనే దొర 1874లో తన ఇంటి తోటలో 15 అంగుళాల గేజ్ వేసి, నిజంగా పనికొచ్చే రైలుకి ఇంతకంటే సన్నం కుదరదని తేల్చాడు. ఆ 15 అంగుళాల మీదే 1927లో కెంట్ తీరంలో రోమ్నీ, హైత్ అండ్ డిమ్‌చర్చ్ రైల్వే వచ్చింది. ఇంజన్లు అసలు వాటిలో మూడో వంతు సైజు, దారి దాదాపు 22 కిలోమీటర్లు. యుద్ధం రోజుల్లో సైన్యం దాన్ని తీసుకుని కవచాల రైలు కూడా నడిపింది. 2015 దాకా అక్కడి బడి పిల్లలు రోజూ ఆ రైల్లోనే బడికి వెళ్లేవారు. అది చదివాక ఆ లైనుని బొమ్మ రైలు అనడానికి నాకు మనసొప్పలేదు.

గేజ్ సన్నమైతే రైలు చిన్నదే అయి తీరాలని కూడా లేదు. ప్రపంచం మొత్తం మీద ఎక్కువగా ఉన్న 1435 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే సన్న గేజే. ఆ లెక్కన జపాన్‌లో బుల్లెట్ రైళ్లు మినహా ఎక్కువ లైన్లు 1067 మిల్లీమీటర్ల సన్న పట్టాల మీదే ఉన్నాయి. ఒక దేశం మొత్తం వాటి మీద ఆఫీసులకి వెళ్లొస్తోంది.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ గ్వాలియర్ మహారాజు సంగతి వచ్చింది. మాధవరావు సింధియాకి రైళ్లంటే ప్రాణం. జైవిలాస్ ప్యాలెస్‌లో భోజనాల బల్ల మీద పట్టాలు వేసి, వెండి రైల్లో అతిథులకి బ్రాందీ, చుట్టలు పంపేవాడు. ఆ రైలు ఇప్పటికీ మ్యూజియంలో ఉంది. ఆయనే వేయించిన 610 మిల్లీమీటర్ల గ్వాలియర్ లైను మాత్రం దాదాపు 200 కిలోమీటర్లు పెరిగి, పల్లెల మీదుగా జనాన్ని మోస్తూ 2020 దాకా నడిచింది.

"రాజులు వేసిన సన్న లైను మనకీ ఒకటుండేది కదా" అన్నాను. "రేపు వెళ్లేది దానికే" అన్నాడు బాబాయ్.

సోమవారం, నౌపడ, పర్లాకిమిడి, గుణుపురం

పొద్దున్నే విశాఖ నుంచి గుణుపురం పాసింజరు. విజయనగరం, చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్డు, తిలారు, కోటబొమ్మాళి. నౌపడ చేరేసరికి ఎండ ఎక్కింది. ఊరి చుట్టూ ఉప్పు మడులు. ఇక్కడి నుంచే మెయిన్ లైను వదిలి బండి కొండల వైపు తిరుగుతుంది.

పర్లాకిమిడి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద జమీందారీ. మెయిన్ లైను నౌపడ మీదుగా వెళ్లిపోయింది, రాజధాని మాత్రం 40 కిలోమీటర్లు లోపల ఉండిపోయింది. గజపతి రాజా గౌరచంద్ర సొంత ఖర్చుతో 762 మిల్లీమీటర్ల లైను వేయించాడు. 7 లక్షల రూపాయలు అయింది. 1898లో పని మొదలై 1900 ఏప్రిల్ 1న పర్లాకిమిడి లైట్ రైల్వే నడిచింది. మొదట్లో నష్టమే. 1910 తర్వాత కాస్త కాస్త లాభం, 1924 తర్వాత బాగానే. అప్పుడు ఆయన కొడుకు కృష్ణచంద్ర గజపతి 1929లో, 1931లో రెండు విడతలుగా వంశధార లోయ వెంట గుణుపురం దాకా పొడిగించాడు. మొత్తం 90 కిలోమీటర్లు. రాజావారి సరదా అని కొట్టిపారేసేవాళ్లు ఈ లెక్కలు చూడాలి. పదేళ్లు నష్టం భరించి, లాభం వచ్చాక మళ్లీ లైనుకే పెట్టారు.

టెక్కలి దాటాక బాబాయ్ కిటికీ దగ్గరికి జరిగాడు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఈ సన్న లైను మీద ప్రయాణం చేశాడు. పెట్టెలో ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్లు తగిలేవట. ఆయన ఎక్కువగా చెప్పింది నౌపడ గురించి. గుణుపురం వైపు నుంచి వచ్చిన ప్రతి బస్తా అక్కడ చిన్న వ్యాగన్ నుంచి దింపాలి, కూలీలు మోసుకెళ్లి పెద్ద వ్యాగన్‌కి ఎక్కించాలి. విశాఖ పెద్దాసుపత్రికి వెళ్లే రోగిని కూడా అలాగే దింపి ఎక్కించాలి. "అందరూ చిన్న రైలు అందం చెప్తారు గానీ అమ్మా, నౌపడలో రాత్రిపూట ముసలోళ్లు మూటలతో ఆ రెండో బండి కోసం కూర్చోడం నేను చూశాను" అన్నాడు.

పాతపట్నం తర్వాత పర్లాకిమిడి. స్టేషన్‌లో బోర్డు మీద తెలుగు లేదు, ఒడియా ఉంది. ప్లాట్‌ఫాం మీద టీ అమ్మే అతను మాత్రం మాతో తెలుగే మాట్లాడాడు. 1936లో, మళ్లీ ఏప్రిల్ 1నే, ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఈ ఊరు అటు వెళ్లింది. రైలు లైను రెండు రాష్ట్రాల మధ్య చీలింది. ఈ ఊరి రాజావారి బడిలో 1880లో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు వాడుక తెలుగు కోసం పోరాడింది ఇక్కడినుంచే. ఈ కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసి 1931లో అచ్చు వేశారు. సవరల కొండల పక్కకి, గుణుపురానికి, రైలు చేరిన ఏడాది కూడా అదే. ఈ సంగతి నేను చిన్నికి చెప్తుంటే ఎదురు సీట్లో కూర్చున్న సవర కుర్రాడు ఒకతను, గుణుపురంలో కాలేజీ చదువుతున్నాడట, తల ఎత్తి విని, తన భాషలో రైలు ఎక్కడికి పోతోందని ఎలా అడగాలో దానికి నేర్పాడు. చిన్ని దిగేదాకా అదే మాట అంటూనే ఉంది.

2004 జూన్‌లో సన్న లైను మూశారు. 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా పెద్ద లైను వచ్చింది. అందుకే ఈ రోజు విశాఖలో ఎక్కిన సీట్లోనే కూర్చుని గుణుపురంలో దిగాం. నౌపడలో దిగి మూటలు మోసుకునే పని లేదు. గేజ్ మార్చడం తప్పని నేను అనను, నౌపడ రాత్రుల గురించి విన్నాక అసలే అనను.

కానీ ఒక నాలుగైదు కిలోమీటర్లయినా ఉంచి ఉండాల్సింది. పర్లాకిమిడి కోట పక్కనో, వంశధార ఒడ్డునో, ఒక ఇంజన్, రెండు పెట్టెలు. ఇది జరగని పని కాదు. వేల్స్‌లో తాలిల్లిన్ అనే 686 మిల్లీమీటర్ల పలక రాళ్ల లైను మూతపడే దశకి వస్తే, 1951లో రైళ్లంటే ఇష్టమున్నవాళ్లు జీతం లేకుండా పనిచేస్తామని ముందుకొచ్చి నడిపించారు. అలా జనం కాపాడుకున్న లైన్లలో ప్రపంచంలో అదే మొదటిది, ఇప్పటికీ నడుస్తోంది. మన శ్రీకాకుళం, పర్లాకిమిడి వాళ్లకి ఆ లైను మీద అంతకంటే తక్కువ ప్రేమేమీ లేదు. టీ అమ్మే అతనే చిన్న రైలు గురించి మేం అడగకముందే ఎత్తాడు. అడిగి కూడగట్టే మనిషి ఉంటే సరిపోయేది. ఆ లైను మీద పనిచేసిన గార్డులు, డ్రైవర్లు, గ్యాంగ్‌మన్‌లు ఇంకా ఈ ఊళ్లలో ఉన్నారు. వాళ్లు ఉండగానే వాళ్ల మాటలు, ఫొటోలు, పాత టికెట్లు ఒకచోట చేర్చాలి. దానికి పట్టాలు కూడా అక్కర్లేదు, ఒక గది చాలు.

తిరుగు ప్రయాణంలో చిన్ని అడిగింది, ఇంకా నిజంగా నడుస్తున్న సన్న లైన్లు ఏమున్నాయని. డార్జిలింగ్, కాల్కా-సిమ్లా, కాంగ్రా, మాథేరాన్ అని బాబాయ్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. మాథేరాన్ లైను పీర్‌భాయ్ కుటుంబం 1907లో వేసింది, గేజ్ 610. పైన ఊళ్లోకి మోటారు బళ్లు రానివ్వరు. వానాకాలంలో కింది నేరల్ నుంచి బండి ఆపేస్తారు కాబట్టి చలికాలంలో వెళ్లాలి. సంక్రాంతికి ఊరొదిలి రానని బాబాయ్ ముందే చెప్పేశాడు. క్రిస్మస్ సెలవులకి విశాఖ నుంచి ముంబై బండెక్కి, కల్యాణ్‌లో దిగి, లోకల్ పట్టుకుని నేరల్ చేరాలని అనుకున్నాం. అన్నయ్యని ఒప్పించే పని చిన్నికి అప్పజెప్పాం.